అడుగుచెక్కకి జిగురు

హన్నమ్మ టీచరు మూట విప్పి గిన్నెని బల్ల మీద పెట్టింది. పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని ఒక అడుగు వెనక్కి జరిగింది. 

గిన్నెకి అంచు నుంచి అడుగు దాకా ఒకటే పగులు. వేసవిలో ఈ ఇంట్లోంచి వెళ్ళినప్పుడు ముక్కకి ముక్క ఎక్కడ అతికిందో గోటికి కూడా తెలియలేదు. ఇప్పుడు ఆ పగుల్లో గోరేమిటి, కందిపప్పు బద్ద దూరుతుంది.

"ఎప్పుడండీ ఇది?" అన్నాడు అబ్బులు.

"మొన్న ఆదివారమండీ. మౌన ప్రార్థనలో ఉన్నాం. చర్చిలో అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం. ఫట్‌మని చప్పుడైంది. ఎవరో పిల్లలు టపాకాయ పేల్చారనుకున్నాను. కళ్ళు తెరిచి చూద్దును కదా, బలిపీఠం ముందు బియ్యం కారిపోతున్నాయి."

టీచరు వాళ్ళ ఊరు కొల్లేటి ఒడ్డున ఆకివీడు దాటి లోపలికి పోవాలి. అక్కడి ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరున వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలు తెచ్చి చర్చిలో గిన్నెల్లో పోస్తారు. ఎవరి పిడికెడు పెద్దదో ఎవరిది చిన్నదో అక్కడ ఎవరూ అడగరు. ఆ బియ్యం కోసమే ఈస్టరుకి ముందు హన్నమ్మ టీచరు తాడేపల్లిగూడెం వచ్చి, లేతు మిషను మీద కర్ర తిప్పే అబ్బులు చేత మూడు గిన్నెలు చేయించింది.

అబ్బులు గిన్నెని చేతుల్లోకి తీసుకుని పగులు వెంట బొటనవేలు నడిపించాడు. అరవై ఎనిమిదేళ్ళ వేలు అది. కళ్ళకంటే ఆయనకి దాని మీదే నమ్మకం ఎక్కువ. కానీ ఇవాళ ఆ వేలు అడుగు దాకా వెళ్ళి అక్కడ తచ్చాడింది.

"కళ్ళజోడు కాడ విరిగితే కొట్లో ఇచ్చేనండి. మధ్యాహ్నం ఇస్తానన్నాడు. వచ్చేక నిదానంగా చూస్తాను."

"చూడండి. మిమ్మల్ని దెబ్బలాడ్డానికి రాలేదండి నేను." హన్నమ్మ గొంతు అప్పటిదాకా బడిలో పాఠం చెప్పినట్టే ఉంది. ఇప్పుడు కొంచెం జారింది. "ఆ తలుపులు కోయించింది నేను. పాత చర్చి పడగొట్టినప్పుడు తలుపులు అమ్మేద్దామన్నారు పెద్దలు. మావారు వరదానంగారు ముప్ఫయ్యేళ్ళు ప్రతి ఆదివారం పొద్దున్నే తీసిన తలుపులండి అవి. గిన్నెలు చేయిస్తే దేవుడి ఇంట్లోనే ఉంటాయని నేనే పోరాను. ఇప్పుడు అందరూ ఒకటే మాట. దేవుడి తలుపు కోస్తే ఊరుకుంటాడా అని."

"అదేం మాటండి," అంది కాఫీ పట్టుకొచ్చిన వెంకటనరసమ్మ. అబ్బులు భార్య ఆవిడ. ఊళ్ళో ఎవరి కష్టమైనా ముందు కాఫీ ఇచ్చి తరవాత వింటుంది.

"మీరొకసారి ఈ ఆదివారం వచ్చి, ఎందుకు పగిలిందో మీ నోటితో చెప్పండి అబ్బులుగారూ. చెక్కదే తప్పయితే చెక్కదని చెప్పండి. దేవుడి కోపం కాదని వాళ్ళకి తెలిస్తే నాకంతే చాలు."

"వస్తానండి. తప్పు చెక్కది ఎప్పుడూ ఉండదండి టీచరుగారూ. చేసినోడిదే ఉంటది. నాదే."

లేతు వెనకాల చీపురు పట్టుకుని నిలబడ్డ వెంకటసాయికి తల కొట్టేసినట్టయింది. అబ్బులుకి ఇల్లరికపుటల్లుడు అతను. దెందులూరు నుంచి వచ్చి మూడేళ్ళయింది. నోరు తెరిచి ఒక్క మాట అనవలసిన సమయం అదే. అన్లేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడి, అప్పటికే ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

*

హన్నమ్మ టీచరుని ఆటో ఎక్కించి, అబ్బులు అటునించి అటే కళ్ళజోడు కొట్టుకి వెళ్ళాడు. గిన్నె బల్ల మీద ఉంది. వెంకటసాయి ఉన్నాడు. మధ్యలో ఎవరూ లేరు.

ఈ ముక్కల గిన్నెలు ఈ ఇంటికి తెచ్చిందే వెంకటసాయి. ఎక్కడో పరాయి దేశంవాడు ముక్కలు అతికి గిన్నెలు తిప్పుతుంటే ఫోన్లో చూసి మావగారికి చూపించాడు. నలభయ్యేళ్ళుగా మంచం కోళ్ళు, ఉయ్యాల కడ్డీలు తిప్పిన అబ్బులు రెండుసార్లు చూసి, మూడోసారి అక్కర్లేదన్నాడు. పన్నెండు ముక్కలు వాలుగా కోసి వలయంగా అతికాడు. వలయం మీద వలయం, కింది అతుకు మీద పై ముక్క మధ్యభాగం వచ్చేలా, గోడకి ఇటుకలు పేర్చినట్టు పేర్చాడు. లేతు మీద తిప్పి ఉలి ఆనించేసరికి నునుపైన గిన్నె బయటపడింది. అడుగు దగ్గర మాత్రం ఫోన్లో వాడు చేసినట్టు చెయ్యలేదు.

"తలుపు చట్రంలో పలకకి జిగురెవరు పెడతారండి అల్లుడుగారూ?" అన్నాడు అప్పుడు. "గాడి తీసి అందులో వదులుగా కూచోబెడతాం. ఈ వలయం ఉంది చూసేరూ, దీన్లో చెక్క నార చుట్టూ తిరిగి వచ్చింది. ఇది ఎటూ పెరగదు. అడుగేమో ఒకటే వెడల్పు చెక్క. వానాకాలం నారకి అడ్డంగా ఉబ్బుద్ది, ఎండాకాలం లాగుద్ది. దానికి చోటివ్వాలి. చుట్టూ బియ్యపుగింజ పట్టేంత సందు చాలు. చోటివ్వకుండా అతికించేమనుకోండి, ఉబ్బి వలయాన్ని చీల్చుకుని పోద్ది."

విన్నాడు వెంకటసాయి. తల కూడా ఊపాడు. చదువుకున్నవాళ్ళు తల బాగా ఊపుతారు.

చిక్కంతా ఎండాకాలంలో వచ్చింది. ఎండకి అడుగుచెక్క లాక్కుపోయి, గిన్నె ఊపితే గాడిలో టకటకమనేది. ఒక గిన్నె పట్టుకుని ద్వారకా తిరుమల కొండ మీద కొట్లో చూపించడానికి వెళ్తే, కొట్టువాడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "అడుగు ఊగుతోందేంటండీ, పళ్ళు కదిలిన ముసలాయన చేశాడా?" అన్నాడు. దణ్ణం పెట్టుకుని కొబ్బరిచిప్పలతో దిగుతున్న యాత్రికులు ఆగి మరీ నవ్వారు. వెంకటసాయి కూడా వాళ్ళతోపాటు నవ్వాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఆ వారంలోనే చర్చి గిన్నెలు తయారయ్యాయి. హన్నమ్మ టీచరు కూడా అలా ఊపి చూస్తే? చర్చిలో అందరి ముందూ టకటకమంటే? ఎనభయ్యేళ్ళ టేకు, ఇంకా ఏం కదులుతుందిలే అనుకున్నాడు. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాడు. అన్నం తిని అబ్బులు కునుకు తీస్తున్నప్పుడు, నీళ్ళలాంటి పల్చటి జిగురు సీసా తెచ్చి, మూడు గిన్నెల గాడుల్లోనూ చుట్టూ చుక్కలు వేశాడు. ఆ జిగురు ఒకరు పూయక్కర్లేదు, సందు దొరికితే తనే పాకిపోతుంది. పది నిమిషాల పని. మర్నాడు హన్నమ్మ టీచరు గిన్నె ఊపనే లేదు. రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది.

కొల్లేటి గాలి, చుట్టూ చేపల చెరువులు, పైన శ్రావణ మాసపు ముసురు. అడుగుచెక్క తడి పీల్చుకుని ఉబ్బింది. ఉబ్బడానికి ఉంచిన చోటు నిండా జిగురు గడ్డకట్టి ఉంది.

వెంకటసాయి గిన్నెని తిరగేశాడు. పగుల్లోంచి చూస్తే గాడి పొడుగునా జిగురు గాజుపెంకులా మెరుస్తోంది. కళ్ళజోడు పెట్టుకుంటే అబ్బులుకి అది కనపడకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ దాకా అతను చేసింది తెలివితక్కువ పని. ఇక్కడినుంచి చేసింది వేరు. తన సన్న ఉలితో జిగురు విడగొట్టి, అడుగుచెక్కని మెల్లిగా కదిపి, పగులు ఇంకొంచెం విప్పి బయటికి లాగేశాడు. గాడిలో జిగురు పెళ్ళలు పెళ్ళలుగా గీకాడు. చెక్క అంచునా గీకాడు. గరుకు కాగితంతో రెండూ రుద్దాడు. చుక్క జిగురు లేకుండా, అద్దంలా అయ్యేదాకా రుద్దాడు. పొట్టు మూలకి ఊడ్చాడు. చెయ్యి మాత్రం వణకలేదు. తరవాత చాలాసార్లు అతనికి అదే ఆశ్చర్యంగా ఉండేది.

*

"విప్పేశారా?" అన్నాడు అబ్బులు, కొత్త కాడ వేసిన కళ్ళజోడు సర్దుకుంటూ.

"బాగుచేద్దామని... మావయ్యగారూ."

"మంచి పని చేసేరు. నేనయితే చేతులు వణికి ఇంకా పాడు చేద్దును."

ఆయన అడుగుచెక్కని కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాడు. గాడిలో వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ఏదో అడగబోయినట్టు అల్లుడి వంక చూసి, మళ్ళీ చెక్క వంకే చూశాడు. వెంకటసాయి గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకోవడం ఒక్కటే తక్కువ. దాహం వెయ్యకపోయినా కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగాడు.

"సందు తక్కువ ఇచ్చేనన్నమాట," అన్నాడు చివరికి అబ్బులు. "బియ్యపుగింజ పట్టేంత ఇచ్చేననే గుర్తు. ఇవ్వలేదన్నమాట."

"ఇచ్చే ఉంటారు. వానలు మరీ ఎక్కువైపోయాయి కదండీ."

"వానలు ఎక్కువైతే తలుపులు బిగుస్తాయి గాని చట్రాలు పగలవు అల్లుడుగారూ."

భోజనాల దగ్గర వెంకటనరసమ్మ ఊరుకోలేదు.

"చెక్కదని చెప్పెయ్యమని ఆవిడే దారి చూపించింది కదా. మీకెందుకండీ నాదే నాదే అని? అంతమందిలో నిలబడి లెంపలేసుకుంటే ఏమొస్తది?"

"అబద్ధమాడమంటావా దేవుడి ఇంట్లో?"

"మన దేవుడేం కాదు కదా."

"ఏ దేవుడి ఇంట్లోనైనా అబద్ధం అబద్ధమే."

వెంకటనరసమ్మ పప్పు గరిటె గిన్నెలో పడేసింది. చప్పుడు కొంచెం గట్టిగానే అయింది. శ్రావ్య ఎవరివైపూ చూడకుండా తండ్రికి మజ్జిగ పోసింది. ఆ అమ్మాయి ఇందాకటినుంచీ మొగుడితో మాట్లాడలేదన్న సంగతి వెంకటసాయి అప్పుడు గమనించాడు.

అబ్బులు చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి, మరకలు పడ్డ గుడ్డచుట్ట ఒకటి పట్టుకొచ్చాడు. అందులో ఆయన ఉలులున్నాయి. ఎవరినీ ముట్టుకోనివ్వడు వాటిని. ఆఖరికి సాన కూడా తనే పడతాడు.

"ఇవి మీరుంచండి అల్లుడుగారూ. నేనింక లేతు దగ్గర నిలబడను. చెయ్యి చెప్పిన మాట వినడం మానేసేక పని చేస్తే పదిమందికి మనం కట్టబెట్టేది ఇలాంటివే. మీది చదువుకున్న చెయ్యి, మీకు కొలతలు తప్పవు."

మూడేళ్ళుగా వెంకటసాయి కోరుకున్నది సరిగ్గా అదే. ఆ లేతు దగ్గర తను నిలబడాలని, వచ్చినవాళ్ళు తనని అడిగి పని చెప్పాలని. ఇప్పుడు ఆ చుట్ట తన రెండు చేతుల్లోనూ ఉంది. ఎక్కడైనా పారేసి దెందులూరు పారిపోవాలనిపించింది.

*

సాయంత్రం చినుకులు మొదలైతే శ్రావ్య మేడ మీద బట్టలు తీస్తోంది. వెంకటసాయి సాయం వెళ్ళాడు. ఆమె తీగ మీది చీర తీసి మడత పెట్టకుండానే భుజాన వేసుకుని, గుప్పిట విప్పింది.

"ఏవండీ, ఇవేంటి?"

అరచేతిలో తెల్లటి పెళ్ళలు నాలుగున్నాయి.

"పొట్టు ఎత్తుతుంటే గుచ్చుకున్నాయి," అంది.

అతను తీగ మీద మిగిలిన చొక్కా లాగాడు.

"నాన్న అడుక్కి జిగురు పెట్టడు."

"పెట్టరు."

"ఎన్ని గిన్నెలకి?"

"మూడిటికీ."

శ్రావ్య తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీసింది. వాన చినుకులు పెద్దవవుతున్నా తొందరపడలేదు. అతనికి కొండ మీది కొట్టు సంగతి, యాత్రికుల నవ్వు, టకటక చప్పుడు అన్నీ చెప్పుకోవాలనిపించింది. చెప్పాడు. చెబుతుంటే తనకే అవి చాలా చిన్నవిగా వినిపించాయి.

"సరే. జిగురు తెలియక పోశారనుకుందాం," అంది. "ఇవాళ గీకింది కూడా తెలియకేనా?"

"చెబుదామనే అనుకున్నాను శ్రావ్యా. ఆయన టీచరుగారి ముందు నాదే తప్పు అనేశారు. ఆ తరవాత నోరు పెగల్లేదు."

"నలభయ్యేళ్ళల్లో నాన్న చేసిన మంచంకోడు ఒక్కటి వెనక్కి రాలేదు. అన్నం తింటున్నప్పుడు చూశారా? చెయ్యి ఎత్తి ఎత్తి చూసుకుంటున్నాడు. ఎవరిదో చెయ్యి అయినట్టు." భుజం మీంచి జారుతున్న చీర పైకి లాక్కుంది. "కోపంగా లేదండీ నాకు. సిగ్గుగా ఉంది. మీవైపు చూడాలంటే సిగ్గుగా ఉంది."

కోప్పడితే బాగుండేది. కోపానికి బదులు చెప్పడం అతనికి వచ్చు.

"నువ్వు చెప్పకూడదా మావయ్యగారికి?"

"నేను చెబితే నా మొహం చూసి మిమ్మల్ని ఏమీ అనడు. లోపల్లోపల దిగమింగుకుంటాడు. మీరే చెప్పాలి. ఆదివారం లోపల చెప్పాలి. రెండూ చెప్పాలి. పోసిందీ, గీకిందీ."

"చెబుతాను."

"చర్చికి నేను రానులెండి," అని శ్రావ్య బట్టలతో కిందికి దిగిపోయింది.

మర్నాడు శనివారమంతా అతను చెబుదామనే తిరిగాడు. పొద్దున్న అబ్బులు పంచె ఉతుక్కుంటున్నాడు, అప్పుడు బాగుండదనిపించింది. మధ్యాహ్నం పడుకున్నాడు. సాయంత్రం పక్క వీధి ముసలాయనెవరో వచ్చి కూచున్నాడు. చెప్పకూడదనుకున్నవాడికి అడ్డంకులు వాటంతట అవే వస్తాయి.

*

ఆదివారం ముసురు పట్టింది. ఆకివీడులో బస్సు దిగి, షేర్ ఆటోలో చేపల చెరువుల గట్ల మీదుగా వెళ్ళేసరికి పాటలు అయిపోయాయి. అబ్బులు తెల్లపంచె అంచులకి బురద చిమ్మింది. గుమ్మం బయట చెప్పులు విప్పి, కొళాయి దగ్గర అంచులు కడుక్కుని లోపలికి వచ్చాడు. మగవాళ్ళ వైపు ఆఖరి బెంచీ మీద మావా అల్లుడూ కూచున్నారు.

బలిపీఠం ముందు బల్ల మీద మిగిలిన రెండు గిన్నెలూ ఉన్నాయి. రెండిటి నిండా బియ్యం. మూడోదాని చోట స్టీలు బేసిను పెట్టారు.

వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరుగారు పిలిస్తే అబ్బులు లేచి ముందుకు వెళ్ళాడు. చేతులు జోడించాడు.

"నాకు మాటలు రావండి. మీ చర్చి తలుపు నాకు నమ్మి ఇచ్చేరు. అడుక్కి ఇవ్వాల్సిన సందు నేను తక్కువ ఇచ్చేను. వానకి ఉబ్బి పగిలింది. దేవుడి కోపమేం కాదండి. చెక్క తప్పూ కాదు. టీచరుగారి తప్పు అసలే కాదు." జోడించిన చేతులు విడదీసి ముందుకు చాపాడు. "ఈ చేతులు ముసలివైపోయాయండి. నాకే తెలియలేదు. నన్ను క్షమించండి."

ఆడవాళ్ళ వైపు ఎవరో ముక్కు చీదుకున్నారు. హన్నమ్మ టీచరు తల వంచుకుంది. ఆ చాపిన చేతులు గాలిలో కొంచెం వణుకుతున్నాయి. నిజంగా వయసుకేనో, అంతమందిలో నిలబడ్డందుకేనో తెలియదు. వెంకటసాయి ఇంక కూచోలేకపోయాడు.

"ఆ చేతులు తప్పు చెయ్యలేదండీ," అన్నాడు లేచి.  "మావయ్యగారు అడుగు వదులుగానే ఉంచారు. సందు సరిగ్గానే ఇచ్చారు. ఆయన పడుకున్నప్పుడు నేను జిగురు పోసేశానండీ. కదలకుండా ఉంటే బాగుంటుందని. అందుకే పగిలింది. తప్పు నాది."

 అబ్బులు అతని వంక చూశాడు. చూస్తూ ఉండగానే ఆయన మొహంలో ముడతలన్నీ విచ్చుకుని నవ్వు వచ్చింది. కళ్ళు తడిశాయి.

"చూసేరాండి మా అల్లుణ్ణి?" అన్నాడు పాస్టరుగారితో. "కొడుకైనా ఇలా అనడు. మా అమ్మాయి చెప్పి పంపి ఉంటదండి, నాన్న పరువు పోకుండా చూడండని. దానికి నేనంటే ప్రాణం."

"కాదండీ మావయ్యగారూ, నిజంగా నేనే..."

"కూచోండి బాబూ, కూచోండి. మీ మంచితనం తెలిసింది."

"మామగారి నింద తన నెత్తిన వేసుకున్న అల్లుణ్ణి నేను చూడ్డం ఇదే మొదలు," అన్నారు పాస్టరుగారు. పెద్దలు తలలూపారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ అతనికి రెండు చేతులా వందనం పెట్టింది. ఆ వందనం అతనికి చెంపదెబ్బలా తగిలింది.

అతను బల్ల దగ్గరికి నడిచాడు. గిన్నె మీద చెయ్యి వేశాడు.

"బియ్యం వంపి ఊపి చూడండి. మావయ్యగారు చేసింది ఊపితే మోగాలి. ఇది మోగదు."

"వానాకాలంలో ఏదీ మోగదు అల్లుడుగారూ. ఉబ్బి బిగుసుకుంటాయి." అబ్బులు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "అయినా జిగురుంటే నాకు కనపడదాండి? కళ్ళజోడు పెట్టుకుని వెలుతుర్లో చూసేను కదా. చుక్క లేదు. గాడి అద్దంలా ఉంది."

రెండోది చెప్పవలసిన చోటు అదే. జిగురు ఎందుకు కనపడలేదో ఒక్క మాటలో చెబితే అందరూ నమ్ముతారు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అతనికి వందనం పెట్టిన ముసలమ్మ కూచుని ఉంది. పోసింది తెలివితక్కువతనం అనుకుంటారు. గీకింది అలా అనుకోరు.

"ఈ గిన్నె కొయ్యండి," అన్నాడు. "అడుగు కోస్తే గాడిలో జిగురు బయటపడుతుంది. అప్పుడు నమ్ముతారు."

హన్నమ్మ టీచరు లేచి వచ్చి గిన్నెని తన వైపు లాక్కుంది. బియ్యం కొన్ని బల్ల మీద ఒలికాయి.

"ఉన్నవి రెండే బాబూ. మా ఆయన తీసిన తలుపుల్లో ఇంక నాకు మిగిలింది ఇవే."

"కొయ్యకపోయినా పగులుతాయండీ. ఈ ముసురుకి కాకపోతే ఇంకో ముసురుకి. ఇప్పుడే అడుగు తీసేసి కొత్తది వదులుగా వేస్తే గిన్నెలు దక్కుతాయి. ఇలాగే వదిలేస్తే ఒక్కటీ దక్కదు."

ఆవిడ గిన్నెని గుండెకి ఆనించుకుని అబ్బులు వైపు తిరిగింది.

"మీరే చెప్పండి అబ్బులుగారూ. కొయ్యమంటారా?"

అబ్బులు నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గాని, అందులో ఆయన లేడు. కుడిచేతి బొటనవేలితో పక్క వేలి కొసని మెల్లిగా రాస్తున్నాడు, మొన్న గాడిలో చుట్టూ తిప్పిన వేలిని.

"అద్దంలా ఉంది," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "నేను తీసిన గాడి అంత నున్నగా ఉండదండి టీచరుగారూ. లోపల ఎవరు చూస్తారని అక్కడ గరుకు కాయితం పెట్టను. ఉలి గీతలు చేతికి తగలాలి. మొన్న ఒక్క గీతా తగల్లేదు నాకు."

అప్పుడు తల ఎత్తి అల్లుడి వంక చూశాడు.

"బాగుచేద్దామని విప్పేరనుకున్నాను, అల్లుడుగారూ."

కోపంగా అనలేదు. అంతమందిలోనూ అదే మర్యాద, అదే మెత్తదనం.  ఇందాక వందనం పెట్టిన ముసలమ్మ పక్కావిడని ఏమిటేమిటని అడుగుతోంది. ఆవిడ చెవిలో చెబుతోంది.

 అబ్బులు వెనక్కి నడిచి ఆఖరి బెంచీ మీద తన చోట కూచున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, పక్కన అల్లుడు కూచున్న చోట, ఇంక అతను కూచోడానికి చోటు లేకుండా, పరిచి పెట్టుకున్నాడు.